రాయనా అని అడిగే మనిషి

చేతిదాకా వచ్చిన ఉద్యోగాన్ని ఒకసారి నాకు రాకుండా చేసిన మనిషి కిందటి నెలలో పోయింది. ఆమె కూతురు ఆఫీసు వేళలో ఫోన్ చేసింది. "మామా, అమ్మ పొద్దున పోయింది. గుండెనొప్పి. ఆస్పత్రి దాకా కూడా పోలేదు. నీకు చెప్పాలిగా" అని పెట్టేసింది. కంప్యూటరు నాకు చదివి వినిపిస్తున్న ఉత్తరాన్ని ఆపి, చెవుల్లోంచి ఇయర్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టాను. ఏడుపు రాలేదు. ముందు కోపం వచ్చింది. నన్ను అడక్కుండా ఏ పనీ చేయని మనిషి, తను మాత్రం ఎవరికీ చెప్పకుండా పోయింది.

నేను పుట్టుకతోనే చూపు లేనివాణ్ణి. మాది ముప్పాళ్ళ పక్కన పల్లె. ఇప్పుడు నరసరావుపేటలో ఒక సర్కారు ఆఫీసులో జూనియర్ అసిస్టెంటుని. కళ్లు లేనివాడు పరీక్ష ఎలా రాశాడని ప్రతి కొత్త మనిషీ అడుగుతాడు. పక్కన ఒక మనిషి కూర్చుని ప్రశ్న చదువుతారు, మేం జవాబు చెబుతాం, వాళ్లు కాగితం మీద ఆ జవాబు చుక్క దిద్దుతారు. ఆ మనిషిని స్క్రైబు అంటారు. మాకు రావలసిన ఉద్యోగానికి ఎంత చదువు కావాలో, స్క్రైబు అంతకన్నా తక్కువ చదివి ఉండాలని రూలు. మాది డిగ్రీ ఉద్యోగం, ఆమెది ఇంటర్. ఇంటి దగ్గర కూర్చునే డిగ్రీ కట్టమని ఎవరో సలహా ఇస్తే, "కట్టి ఏం చేసుకోను? డిగ్రీ వస్తే మీకు పనికిరాకుండా పోతా" అంది.

మార్కెట్ వెనక సందులో ఆమె కుట్టుమిషను. పక్క రేకుల షెడ్డులో భర్త స్కూటర్లు బాగుచేసేవాడు. ఆ సందులో అందరూ ఆమెను మిషనక్క అనే పిలిచేవాళ్లు. తురకల అమ్మాయి అని కొందరు గుర్తు చెప్పేవాళ్లు గానీ, మనిషి ఎదుట పడితే అందరికీ అక్కే. నాకు ఆమె ముఖం తెలియదు. మిషను నూనె వాసన, సుద్ద పొడి వాసన, చేయి పట్టుకుంటే చూపుడువేలి చివర సూది గుచ్చుకుని గుచ్చుకుని గట్టిపడిన చర్మం, ఇవి తెలుసు. గొంతు తెలుసు. ఆ గొంతు గురించి కొంచెం వివరంగా చెప్పాలి.

షాపులో ఆమె గొంతుకు అడ్డూ ఆపూ ఉండేది కాదు. "ఏమే, మెడ ఇంకా దించమంటే ఎక్కడికి దించను? బెజవాడ దాకా దించనా?" అని ఒకామెను అడిగితే సందు సందంతా నవ్వేది. బేరమాడేవాళ్లను ఒక రకంగా, అరువు పెట్టినవాళ్లను ఒక రకంగా, మొగుణ్ణి మరో రకంగా తిట్టేది. అదే మనిషి పరీక్ష హాల్లో ప్రశ్న చదివితే, గోడ మీద నోటీసు తనంతట తానే లేచి మాట్లాడినట్టు ఉండేది. ఎత్తూ లేదు, పల్లమూ లేదు. ఎ, బి, సి, డి నాలుగూ ఒకే తూకం.

అది ఎంత అరుదో మాకు తెలుసు. మాలో మాకు ఒక విద్య ఉంది. బయటివాళ్లకు చెప్పకూడదు గానీ, ఉద్యోగం వచ్చేసింది కనుక చెబుతున్నాను. ఎంత మంచి స్క్రైబయినా నాలుగు ఆప్షన్లు చదివేటప్పుడు, జవాబు తెలిస్తే, దాని దగ్గర గొంతు ఒక్క వెంట్రుకవాసి మారుతుంది. కొందరు ఆగుతారు, కొందరు గట్టిగా అంటారు, కొందరు దాన్ని దాటగానే ఊపిరి వదులుతారు. కళ్లున్నవాళ్లకు అది వినపడదు. మాకు వినపడుతుంది. హాస్టల్లో మా సీనియరొకడు అంటుండేవాడు: "సబ్జెక్టు మూడు నెలల్లో వస్తదిరా. పలికే గొంతు దొరకటమే చానా కష్టం." పరీక్షలు దగ్గరకొస్తే పలికే గొంతుల కోసం మావాళ్లు జిల్లా అంతా గాలించేవాళ్లు.

నాకు పలికే గొంతు దొరక్క మిషనక్క దగ్గరకు పోయాను. అప్పటికి ఆమె ఎంతమందికి రాసిందో, ఎందుకు మొదలుపెట్టిందో తెలియదు. అడిగితే ఒకసారి, ఖాళీగా ఉండి అంది. ఇంకోసారి, పరీక్ష హాలంటే ఇష్టం, ఫ్యాను కింద మూడు గంటలు కూర్చోనిస్తారు అంది. ఇన్నేళ్లు ప్రశ్నపత్రాలు చదివీ చదివీ ఆమెకు రానిదంటూ ఉండేది కాదు. జాకెట్టు కుడుతూ రాజ్యాంగ సవరణలు చెప్పేది. అందుకే ఆ గొంతు పలక్కుండా ఎలా పట్టి ఉంచేదో నాకు ఆశ్చర్యం. దానికీ సాధన ఉంది. మధ్యాహ్నం పూట పేపరు ముందేసుకుని హత్య వార్తా, సినిమా కబురూ, పత్తి ధరా ఒకే గొంతుతో పైకి చదివేది. షెడ్డులోంచి మొగుడు "అందులో ఎవరన్నా చచ్చారా బతికారా, కాస్త తెలిసేట్టు చదువు" అని అరిచేవాడు.

జవాబు చెప్పాక ఆమె ఒకే మాట అడిగేది: "రాయనా?" తప్పు చెప్పినా రాయనా, ఒప్పు చెప్పినా రాయనా. నేను నా విద్య ప్రయోగించి చూశాను. "బి అనుకుంటున్నానక్కా... లేకపోతే సి ఏమో..." అని సాగదీసి ఆమె ఊపిరి కోసం చెవి రిక్కించేవాణ్ణి. "అనుకో. టైము పోతంది" అనేది.

మొదటిసారి ఆమెతో రాసిన పరీక్షలో మా కోటాకు జిల్లా మొత్తం మీద ఒక్క పోస్టు. అప్పటికింకా మాది గుంటూరు జిల్లా. అందులో ఒక ప్రశ్న, రేయాన్ గుడ్డ దేంతో తయారవుతుందని. నేను పెట్రోలియం అన్నాను. "రాయనా?" అంది. రాయమన్నాను. రాసింది. జాబితా గోడకు అంటించిన రోజు మా తమ్ముడు చదివి వినిపించాడు. నా పేరు రెండోది. మొదటివాడు కారంపూడి మనిషి, నాలాగే చూపు లేనివాడు. ఇద్దరికీ ఒక్క మార్కు తేడా. మార్కులు సమానమైతే వయసులో పెద్దవాడికి ఇస్తారు, పెద్దవాణ్ణి నేనే. రేయాన్ ఒక్కటి సరిగ్గా పడి ఉంటే ఆ పోస్టు నాది.

ఆ సాయంత్రమే ఆమె షాపుకు పోయాను. గుడ్డలు కుట్టే మనిషికి రేయాన్ సంగతి తెలియకపోవడమేమిటని దారి పొడుగునా గొణుక్కుంటూనే ఉన్నాను.

"నీకు ఆ జవాబు తెలుసా తెలవదా?" అని గుమ్మంలోనే అడిగాను.

మిషను ఆగింది. "లోపలికొచ్చి కూర్చో" అంది. ఒక గుడ్డలోంచి పోగు లాగి నా వేళ్లకు తాకించింది. అగ్గిపుల్ల గీసిన చప్పుడు, కాగితం కాలిన వాసన. నా వేలు పట్టుకుని చల్లారిన బూడిద మీద పెట్టింది. మెత్తగా పొడిపొడిగా రాలిపోయింది. ఇంకో పోగు కాల్చింది. ఈసారి ప్లాస్టిక్ వాసన. వేలికి గట్టిగా చిన్న పూస తగిలింది.

"పూసకట్టిందే పెట్రోలు గుడ్డ. కాగితంలాగా కాలింది రేయాను. చెక్కగుజ్జుతో చేస్తారు" అంది.

"అంటే తెలుసు."

"తెలుసు."

"తెలిసి రాశావా, పెట్రోలియం అని?"

"నువ్వు రాయమన్నావు."

ఒక్క మార్కుతో పోస్టు కారంపూడివాడికి పోయిందని చెబుతూ నేను అనకూడని మాటలన్నాను. షెడ్డులో సుత్తి చప్పుడు ఆగిపోయింది. ఆమె మొగుడు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడని తెలుస్తూనే ఉంది. ఆమె ఆయన్ని పొమ్మంది. నా తిట్లు అయిపోయాక మాట్లాడింది.

"కారంపూడోడు ఎవడో ఉన్నాడన్నావుగా. వాడి స్క్రైబు వాడికి చెప్పిందా?"

"నాకేం తెలుసు?"

"నాకూ తెలవదు. చెప్పి ఉంటే వాళ్లిద్దరూ దొంగలు. చెప్పకుండా ఉండి ఉంటే? నేను నీకు చెప్తే వాడి నోటికాడ కూడు లాగినట్టా కాదా? వాడికీ కళ్లు లేవు. నేను లాగానని కూడా తెలవదు వాడికి."

"నేను నీ ఎదురుగా ఉన్నాను. వాడెవడో నీకు ఏమవుతాడు?"

"ఏమీ కాడు. అందుకే" అంది.

ఆ మాట నాకు ఎక్కలేదు. మెట్లు దిగుతూ, ఈ జన్మలో నీ గడప తొక్కనన్నాను. తర్వాతి నోటిఫికేషనుకు మా మేనమామ కొడుకును తీసుకుపోయాను. ఇంటర్ రెండుసార్లు తప్పి మూడోసారి గట్టెక్కినవాడు. వాడిది పలికే గొంతు మాత్రమే కాదు, దగ్గే గొంతు కూడా. సరైన ఆప్షను దగ్గర గొంతు సవరించుకునేవాడు. నేనేమీ కాదనలేదు. ఆ దగ్గు పట్టుకుని పది పన్నెండు జవాబులు చెప్పి ఉంటాను. హాల్లోంచి బయటికి రాగానే వాడికి బిర్యానీ పెట్టించాను.

దిద్దిన కాగితం నకలు మనకిస్తారు. జవాబుల పట్టిక వచ్చాక మా తమ్ముడు రెండూ పెట్టి సరిచూస్తుంటే, నేను చెప్పినవి కొన్ని అందులో లేవు. సి అన్నచోట బి ఉంది, ఎ అన్నచోట డి ఉంది. లెక్కపెడితే ఏడు. మావాణ్ణి నిలదీశాను.

"నువ్వు తప్పు చెప్తన్నావని నేనే మార్చాను బావా. నీ మంచికే" అన్నాడు.

వాడు మార్చిన ఏడింటిలో అయిదు నేను చెప్పినవే సరైనవి. ఆ ఉద్యోగం కూడా పోయింది. ఎవరికి చెప్పుకోను? వాడి దగ్గుతో నేను దిద్దించుకున్న పన్నెండు ముందు చెప్పాలి, ఆ తర్వాత ఈ ఏడు. దొంగకు తేలు కుట్టినట్టయింది నా పని. నష్టం కన్నా ఇంకోటి ఎక్కువ బాధించింది. ఆ కాగితం మీద నా పేరుంది, నా నంబరుంది, కానీ అందులో నేనెంత ఉన్నానో నాకే తెలియదు. మార్కులు తక్కువొచ్చాయా ఎక్కువొచ్చాయా అని ఏడవడానికి కూడా ముందు అవి నావి కావాలి కదా.

అందితే జుట్టు, అందకపోతే కాళ్లు. మళ్లీ మిషనక్క గుమ్మం ఎక్కాను. ఎంత దెప్పుతుందోనని సిద్ధపడే పోయాను. ఆమె మిషను ఆపకుండానే "ఎప్పుడంట పరీక్ష?" అని అడిగింది. చెప్పాను. "ఆ రోజు పెళ్లి జాకెట్లు ఇయ్యాలి. ముందు రోజే కుట్టేస్తాలే" అంది. నేను క్షమించమని ఏదో మొదలుపెడితే, "అయ్యన్నీ ఎందుకయ్యా, పోయి చదువుకో. ఈసారన్నా గుడ్డల పాఠం చూసుకో" అని తరిమేసింది.

మూడో పరీక్ష సగం దాటాక ఒక చోట ఆమె ఆగింది. అంతకు ముందు ఎప్పుడూ ఆగని మనిషి. కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు వినపడింది. "సార్, ఇట్టా రండి" అని ఇన్విజిలేటరును పిలిచింది.

"ఏందమ్మా?"

"పైన ఒకదాంట్లో ఈయన ఎ అన్నాడు. నేను బి దిద్దా. ఇప్పుడు చూసుకున్నా."

"పెన్నుతో దిద్దింది మారదమ్మా. కూర్చోండి."

"కూర్చుంటా. ముందు రాసుకోండి. తప్పు నాది, ఆయనది కాదని రాసుకోండి."

"రాసుకున్నా మార్కు రాదు. ఎవరు చూడొచ్చారు, కానీయండి."

"ఎవరూ చూడరనేగా నేను చెప్పేది. ఆయనకు కళ్లు లేవు. నేనేం దిద్దానో ఆయనకెట్టా తెలుస్తది?"

హాల్లో తలలన్నీ మావైపు తిరిగి ఉంటాయి. నేను సిగ్గుతో చచ్చిపోయాను. ఆయన విసుక్కుంటూ ఎక్కడో ఏదో రాసుకున్నాడు. ఆమె కూర్చుని, మళ్లీ అదే గొంతుతో తర్వాతి ప్రశ్న చదివింది. బయటికొచ్చి ఆటో ఎక్కాక మాత్రం ఆ గొంతు నిలవలేదు. "ఇది నేను పోగొట్టిన మార్కు. దీనికి మాత్రం నన్ను తిట్టు" అని ఏడ్చింది. ఎన్ని తిట్లు కావాలక్కా అని నవ్వించబోయాను. నవ్వలేదు. ఇంటి దాకా కొంగుతో ముక్కు చీదుకుంటూనే ఉంది. రేయాన్ నాడు నేనన్ని తిట్టినా ఒక్క బొట్టు కార్చని మనిషి.

ఆ ఒక్కటీ పోయినా ఆ ఉద్యోగం నాకొచ్చింది.

కాగితం అందిన రోజు మిఠాయి పొట్లంతో పోయాను. మొగుడికీ కూతురికీ పంచి, చివరికి తనో ముక్క నోట్లో వేసుకుంది. అడగకూడదనుకుంటూనే అడిగాను, ఆ రోజు పెట్రోలియం అని రాసేటప్పుడు నీకేమీ అనిపించలేదా అని.

"అనిపించకేం? ఆ చుక్క దిద్దటానికి ఎంతసేపు పట్టిందో నీకు కనపడలా. గొంతు పట్టుకున్నా గానీ చేతిని పట్టుకోలేకపోయా" అంది. "నీకు రావాలని నాకుండదా?" అని ఇంకో ముక్క నా చేతిలో పెట్టింది.

ఆఫీసులో చేరిన కొత్తలో ఒక సహోద్యోగి టీ తాగుతూ అన్నాడు. "మీకేంలే మాస్టారూ, రాసేదెవరో, ఉద్యోగం మీకు." పదిమంది నవ్వారు. అంతకు ముందయితే నా నోరు పడిపోయేది. ఆ రోజు నేను కూడా నవ్వి, "ముప్పై ఎనిమిది తప్పులు పోయాయి సార్. ముప్పై ఏడు అచ్చంగా నావి. మిగిలిన ఒక్కటి ఎవరిదో హాల్లో రాసిపెట్టించి మరీ వచ్చాం" అన్నాను. ఆయనకు అర్థం కాలేదు. తర్వాత మళ్లీ ఆ ఊసెత్తలేదు.

ఇవన్నీ ఆమె పోయిన రోజు కుర్చీలో కూర్చుని తలుచుకున్నవే. మట్టికి పోయి వచ్చాను. ఇంటికొచ్చాక ఒక మనిషి పదేపదే గుర్తొచ్చాడు. కారంపూడి మనిషి. గురజాలలో పనిచేస్తున్నాడు. ట్రైనింగులకు పోయినప్పుడు హాజరు పిలుపుల్లో వాడి పేరు వినపడితే ఆ గది వదిలి ఇంకో గదిలో కూర్చునేవాణ్ణి. వాడికి నేనెవరో కూడా తెలియదు. నంబరు సంపాదించి ఫోన్ చేశాను. ఒకసారి నరసరావుపేట రమ్మన్నాను. ఎందుకని అడిగితే, వస్తే చెబుతానన్నాను.

ఆదివారం బస్సులో వచ్చాడు. బస్టాండులో బల్ల మీద పక్కపక్కన కూర్చుని, రేయాన్ నుంచి మొదలుపెట్టి అంతా చెప్పాను. అతను చేతికర్రతో నేల మీద గీస్తున్న చప్పుడు వినపడింది.

"ఆమె నీకు చెప్పి ఉంటే?" అన్నాడు చివరికి.

"ఇద్దరికీ సమానం అయ్యేది. పెద్దవాణ్ణి కాబట్టి నాకిచ్చేవాళ్లు."

"నాకు ఆ ఏడే ఆఖరన్నా. మా అన్నలు తెగేసి చెప్పారు. ఇది రాకపోతే ఇంక పుస్తకాలు మూసేసి గేదెల కాడ కూర్చోమన్నారు" అన్నాడు. తర్వాత "నా స్క్రైబు నాకేం చెప్పలేదన్నా. ఒట్టు" అన్నాడు. నేను అడగలేదు. ఇన్నేళ్లూ లోపల అడుగుతూనే ఉన్నాననీ, ఆ ఒట్టు విన్నాకే నా కడుపులో మంట చల్లారిందనీ అప్పుడు తెలిసింది.

ఆటో దిగి ఇద్దరం కర్రలు తాటించుకుంటూ మిషనక్క సందులోకి పోయాం. కూతురు లోపలికి తీసుకెళ్లి కుర్చీలు వేసింది. నాన్న మూల మంచం మీద ఉన్నాడనీ, అమ్మ పోయినప్పటి నుంచీ పెదవి విప్పడం లేదనీ మెల్లగా చెప్పింది. కారంపూడి మనిషి గొంతు సవరించుకున్నాడు.

"అమ్మా, నేనెవరో మీకు తెలవదు. మీ అమ్మగారు నాకేం చెయ్యలేదు. నన్ను ఎరగను కూడా ఎరగరు. నాకు అన్యాయం చెయ్యకుండా ఉన్నారు. ఇప్పుడు ఉద్యోగం చేసుకుంటన్నా. ఇద్దరు పిల్లలు బడికి పోతన్నారు. ఆ మాట చెప్పి పోదామని వచ్చా."

మూలలోంచి ఆయన మొదటిసారి మాట్లాడాడు.

"ఏ ఊరు బాబూ మీది?"

"కారంపూడండీ."

మంచం కిర్రుమంది. ఆయన లేచి వచ్చి మా ముందు నిలబడ్డాడు.

"ఆ కారంపూడి అబ్బాయివి నువ్వేనా? ఎన్నేళ్ల నించి అడుగుతందో నన్ను. ఆ అబ్బాయి ఉద్యోగం నిలబెట్టుకున్నాడో లేదో, ఎట్టా ఉన్నాడో, అటు పోయేవాళ్లెవరన్నా ఉంటే కనుక్కోమని. బాగుచేయించుకోటానికి కారంపూడి బండి వస్తే చాలు, లేచి వచ్చేది. నేనే ఎక్కడని వెతకను అని ఊరుకున్నా." ఆయన ఇంకో అడుగు దగ్గరికొచ్చాడు. "ఎట్టా ఉన్నావు బాబూ?"

"బాగున్నానండీ" అన్నాడు కారంపూడి మనిషి.